అనంతగిరి దారిలో మా పిల్లలకు తోడైన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పోయిన శని, ఆదివారాల్లో తనూ, తన స్నేహితురాళ్లు ఐదుగురూ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో రెండు రోజులు నడిచి, ఒక రాత్రి టెంట్లో పడుకుని, క్షేమంగా మల్కాజిగిరి చేరారు. కాళ్లకు బొబ్బలు, జడల నిండా గడ్డి గింజలు. వీళ్లు ఇలా వెళ్లిరావడంలో చాలామంది చేయి ఉంది. కొందరి పేర్లు కూడా మాకు తెలియవు. అందుకే ఇలా రాస్తున్నాను.

"పిక్నిక్కా?" అని అడిగినవాళ్లే ఎక్కువ కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను. ఇది ఇంటర్నేషనల్ అవార్డ్ ఫర్ యంగ్ పీపుల్‌లో ఒక భాగం. 1956లో బ్రిటన్‌లో డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డుగా మొదలైంది, 1962లో మన దేశానికి వచ్చింది. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని మూడు మెట్లు. పద్నాలుగేళ్లు నిండితే బ్రాంజ్‌లో చేరొచ్చు. ఒక సేవ, ఒక విద్య, ఒక ఆట కనీసం మూడు నెలల చొప్పున, వాటిలో ఏదో ఒకటి ఆరు నెలలు పట్టుకుని చేయాలి. వాటితోపాటు ఈ నడక. ముందు ఒకసారి ప్రాక్టీసు, తర్వాత అసలుది. రోజుకు కనీసం ఆరు గంటల శ్రమ, మధ్యలో బండి ఎక్కకూడదు, సామాను ఎవరిది వాళ్లే మోయాలి, వంట వాళ్లే చేసుకోవాలి. ఫస్టూ సెకండూ ఉండవు. పెట్టుకున్న లక్ష్యం ఎవరు పూర్తి చేస్తే వాళ్లకు అవార్డు. మా ఆడపడుచుకు ఇదంతా చెప్పాక కూడా "ఇంతకీ ఎన్నో ప్లేస్ వచ్చింది?" అనే అడిగింది. ఊరంతా ర్యాంకుల హోర్డింగులే కదా, ఆవిడను మాత్రం ఏమంటాం!

మొదటి థాంక్స్ మా పై ఫ్లోర్ అంకుల్‌కి. అద్దెకు తెచ్చిన టెంటుకు ఒక కర్ర తక్కువ. బయల్దేరే ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి హాల్లో పరిచి చూస్తే తెలిసింది. అద్దెకిచ్చిన షాపువాళ్లు ఫోన్ ఎత్తలేదు. అంకుల్ కరెంటు పనికి వాడే పైపు ముక్క తెచ్చి, కొలిచి, రంపం మా అమ్మాయి చేతికిచ్చి "నువ్వే కొయ్యి, అక్కడ నేనుండను" అన్నారు. వంకరగానే కోసింది. టెంటు మాత్రం నిలబడింది.

మౌలాలి గుట్ట మీద రెండు ఆదివారాలు మ్యాపు, దిక్సూచి నేర్పిన మాజీ ఎన్‌సీసీ కుర్రాడికి కూడా. మ్యాపు మీద రెండు సెంటీమీటర్లంటే నేల మీద కిలోమీటరు అని ఇప్పుడు నాకు కూడా తెలుసు. పైసా తీసుకోలేదు, ఇరానీ చాయ్ మాత్రం తాగాడు.

ఇక వికారాబాద్ స్టేషన్ బయట చెప్పులు కుట్టే పెద్దాయన. రైలు దిగి పది అడుగులు వేసిందో లేదో మా అమ్మాయి షూ సోల్ నోరు తెరిచింది. ఏడాదిగా అటక మీద పడున్న షూ, గమ్ము ఎండిపోయింది. తప్పు నాదే, చూసుకోలేదు. ఆయన చుట్టూ కుట్టేసి నలభై రూపాయలు తీసుకున్నారట. ఎక్కడికి పోతున్నారో విని, రెండో షూ కూడా లాగి చూసి, "ఇది గూడ పోతది బిడ్డా" అని ఒక దబ్బనం, మైనం పట్టించిన దారం ఇచ్చి, కుట్టు ఎలా వేయాలో చూపించారట. వాటికి డబ్బులు వద్దన్నారట. రెండో షూ నిలిచింది గానీ మర్నాడు ఇంకో పిల్ల బ్యాగు పట్టీ తెగింది. ఆ దబ్బనంతోనే కుట్టుకున్నారు.

ఇప్పుడు పీటీ సార్ సంగతి. నిజం చెప్పాలంటే ముందు ఈయన మీద నాకు చాలా కోపం వచ్చింది. మొదటి రోజు మధ్యాహ్నం రెండు బాటలు చీలే చోట పిల్లలు తప్పు బాట పట్టారు. సార్, సైన్స్ టీచర్ వెనకాలే కాస్త దూరంలో వస్తున్నారు. చూశారు. గంటకు పైగా ఏమీ అనలేదు! ఆదివారం రాత్రి ఇది విని నేను ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. ఆయన శాంతంగా, "ప్రమాదం ఉంటే ఆపేవాణ్ణమ్మా. నీళ్లున్నాయి, వెలుతురుంది. దారి తప్పడం ప్రమాదం కాదు" అన్నారు. నాకు వెంటనే నచ్చలేదు. రెండు రోజులు పట్టింది. సార్, ఆ రోజు గొంతు పెంచినందుకు సారీ. శనివారం రాత్రి "తిన్నారు, పడుకున్నారు" అని మీరు పెట్టిన ఆ రెండు మాటల మెసేజ్ ఎన్నిసార్లు చదువుకున్నానో నాకే తెలుసు. పిల్లల ఫోన్లన్నీ సీలు వేసిన కవర్లో మీ దగ్గరే ఉండె మరి. పక్క టెంట్లో పడుకుని రాత్రంతా సగం మేలుకునే ఉన్న సైన్స్ టీచర్‌కి కూడా దండాలు.

దారి మళ్లీ దొరికింది మేకలు కాసే ఒక తాత వల్ల. పిల్లలు మ్యాపు చూపిస్తే నవ్వి, కర్రతో నేల మీద గీత గీసి, చింతచెట్టు, ఎండిన వాగు, ఎర్రమట్టి బాట అని మూడు గుర్తులు చెప్పారట. ఆ గీతను మ్యాపుతో పోల్చి చూస్తే వాగు దగ్గర అంతా కలిసింది.

వాగంటే గుర్తొచ్చింది. ప్రతి జట్టూ ఒక ఉద్దేశం పెట్టుకుని నడవాలి. వీళ్లు మూసీ నది పుట్టిన చోటు చూస్తామన్నారు. హైదరాబాద్‌లో చాదర్‌ఘాట్ వంతెన మీద మూసీ కంపుకు ముక్కు మూసుకునే పిల్లలు, ఆ కొండల్లో సన్నటి ధార పక్కన కూర్చుని బొమ్మ గీసుకొచ్చారు. 1908 వరదలో హైదరాబాద్‌ను ముంచింది ఇదేనా అని ఒకరినొకరు అడిగారట.

రాత్రికి కంది కోసేసిన చేలో టెంట్లు వేసుకోనిచ్చిన రైతు దంపతులకు ఏమని చెప్పాలి! పిల్లలు చిన్న స్టవ్ మీద ఉప్మా చేశారు, అడుగంటింది. ఆ అమ్మ జొన్న రొట్టెలు, పల్లి తొక్కు పట్టుకొచ్చింది. వంట మేమే చేసుకోవాలని రూలుందని వీళ్లు చెప్తే, "మా చేన్ల ఉపాసం పండుకుంటరా?" అందట. సార్‌ని అడిగితే "మీరే తేల్చుకోండి" అన్నారు. పది నిమిషాల చర్చ తర్వాత తొక్కు తీసుకుని, రొట్టెలు వెనక్కిచ్చారట. మాడిన ఉప్మాలో పల్లి తొక్కు బాగుంటుందని మా ఇంట్లో ఇప్పుడు కొత్త వాదన.

పిన్నిగారూ, మీ స్లీపింగ్ బ్యాగు ఉతికి రెండు రోజులు ఎండలో వేశాను, ఆదివారం తెచ్చిస్తాను. ఇంకో మాట. ఎవరైనా వికారాబాద్ స్టేషన్ వైపు వెళ్తే, బయట కుడివైపు గొడుగు కింద కూర్చునే పెద్దాయనకు ఒక్క మాట చెప్పండి: రెండు రోజులు నడిచినా మీ కుట్టు ఒక్కటి కూడా ఊడలేదని.