అలారం ప్యానెల్‌లో కార్డు బిగించగానే పని అయిపోదు

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికో వేసవి సెలవులకో ఊళ్లు ఖాళీ అయ్యే ముందు తాళం వేసిన ఇళ్ల జాగ్రత్తల గురించి పత్రికలూ పోలీసులూ గట్టిగానే చెబుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో తాళం వేసిన ఇళ్ల మీద నిఘాకు పోలీసులు పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ కెమెరా అడిగి పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు. కానీ ఇంట్లో ఇప్పటికే అలారం ప్యానెల్ ఉండి, ఆ తరువాత మేడ మీద రెండు గదులు వేసుకున్నవాళ్ల సంగతి ఎక్కడా కనిపించదు. ఆ గదుల తలుపులు, కిటికీలు పాత ప్యానెల్‌కు తెలియవు. అడిగితే వచ్చే సలహాలు రెండే. ఒకటి, ప్యానెల్ మొత్తం మార్చేయండి. రెండు, పాత ప్యానెల్‌కే ఒక అదనపు సర్క్యూట్ కార్డు వేస్తే చాలు, గంటలో అయిపోతుంది. మొదటిది చాలా ఇళ్లలో అనవసరపు ఖర్చు. రెండోది నిజమే గానీ గంట లెక్క తప్పు. కార్డు బిగించడానికి అరగంట చాలు. బిగించినదాన్ని పరీక్షించడానికి ఒక పూట పడుతుంది. ఎగ్గొట్టేది ఆ పూటనే.

మన దగ్గర ఇప్పటికీ పనిచేస్తున్న డీఎస్‌సీ కంపెనీ పవర్‌సిరీస్ ప్యానెళ్లనే తీసుకుందాం. పీసీ1832, పీసీ1864 బోర్డుల మీద 8 జోన్లు, అంటే తలుపు, కిటికీ సెన్సర్లను విడివిడిగా కలిపే లైన్లు ఉంటాయి. కార్డులు కలుపుకుంటూ పోతే మొదటిది 32 దాకా, రెండోది 64 దాకా వెళ్తాయి. పీసీ1616 మాత్రం 6తో మొదలై 16 దగ్గర ఆగిపోతుంది. వీటికి కలిపే పీసీ5108 కార్డు ఒక్కొక్కటీ 8 జోన్లు ఇస్తుంది. కనుక కొనే ముందు డబ్బా తెరిచి బోర్డు నంబరు చదవాలి. అదే కంపెనీ కొత్త శ్రేణి నియో ప్యానెల్ అయితే దానికి కావలసింది హెచ్‌ఎస్‌ఎం2108. ఒకదాని కార్డు ఇంకోదానికి పనిచేయదు. కంపెనీ ఒకటే, నాలుగు వైర్ల రంగులూ అవే కావడంతో కౌంటర్ దగ్గర పొరపాటు పడటం తేలిక. ఆన్‌లైన్‌లో వాడిన కార్డు కొనేవాళ్లు ఈ నంబరు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

తరువాత కరెంటు లెక్క. పవర్‌సిరీస్ బోర్డు బయటి పరికరాలకు ఇవ్వగలిగేది మొత్తం 700 మిల్లీ ఆంపియర్లు. కీప్యాడ్లు, కార్డులు, మోషన్ సెన్సర్లు అన్నీ అందులోనే సర్దుకోవాలి. పీకే5500 కీప్యాడ్ గరిష్ఠంగా 125, పీసీ5108 కార్డు 30 తీసుకుంటాయి. మోషన్ సెన్సర్‌కు రకాన్ని బట్టి 10 నుంచి 20 దాకా పోతుంది, లెక్కకు 15 వేసుకుందాం. ఒక కీప్యాడ్, ఒక కార్డు, ఎనిమిది సెన్సర్లు ఉంటే 275. దిగులు లేదు. మేడ మీద ఇంకో రెండు కీప్యాడ్లు, ఇంకో ఎనిమిది సెన్సర్లు, వాటికి ఇంకో కార్డు కలిపితే 675 అవుతుంది. కాగితం మీద ఇది సరిపోయినట్టే ఉంటుంది. దీనికి మొబైల్ నెట్‌వర్క్ మీద కబురు పంపే జీఎస్‌ఎం పరికరం ఒకటి తగిలిస్తే, మెసేజ్ పంపే క్షణంలో అది గుంజే కరెంటుకు వోల్టేజ్ కుంగుతుంది. అలారం కబురు వెళ్లాల్సిన వేళకే ప్యానెల్ తడబడుతుందన్నమాట. అంతదాకా వస్తే సొంత ట్రాన్స్‌ఫార్మర్, సొంత బ్యాటరీ ఉండే పీసీ5204 పవర్ సప్లై కార్డు వేయాలి.

బ్యాటరీ లెక్కా దీంతోనే మారుతుంది. బోర్డు తనకోసం వాడుకునే 110 కలుపుకుంటే పై మొదటి ఉదాహరణలో 385 మిల్లీ ఆంపియర్లు. 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు కాగితం లెక్కకు 18 గంటలు నిలుస్తుంది. ఏళ్ల తరబడి వేడి డబ్బాలో ఉడికిన బ్యాటరీ అందులో సగం ఇచ్చినా గొప్పే. కార్డు వేసిన రోజే బ్యాటరీ మీద ఉన్న తేదీ చూసి, పాతదైతే మార్చేయడం మేలు.

పని మొదలుపెట్టే ముందు, అలారం కబుర్లు అందుకునే మానిటరింగ్ సెంటర్ ఉంటే వాళ్లకు చెప్పి టెస్టులో పెట్టించాలి. బయటి సైరన్‌లో సొంత బ్యాటరీ ఉంటే ముందుగా దాన్ని ఆపాలి. లేకపోతే ప్యానెల్ కరెంటు తీయగానే వీధి వీధంతా లేస్తుంది. ఆ తరువాత 230 వోల్టుల మెయిన్ తీసి, బ్యాటరీ వైర్లు విప్పాలి. కరెంటు ఉండగానే కార్డు తగిలించడం ఈ రంగంలో పాత దురలవాటు. స్క్రూడ్రైవర్ జారి ప్లస్ (ఎర్ర) వైరు మైనస్ (నల్ల) వైరుకు తగిలితే రక్షణ భాగం కరెంటు ఆపేసి కీప్యాడ్లన్నీ ఆరిపోతాయి, అదీ అదృష్టం బాగుంటే. కార్డును డబ్బాలో ప్లాస్టిక్ స్టాండ్ల మీదే నిలపాలి. డబుల్ సైడ్ టేపుతో రేకుకు అంటించిన కార్డు ఎండాకాలంలో ఊడి, కింద ఉన్న బోర్డు మీద పడుతుంది. మెయిన్ వైరు వచ్చే రంధ్రంలోంచి సెన్సర్ వైర్లు తేకూడదు. వాడని రంధ్రాలన్నీ మూసేయాలి. చీమలు, బల్లులు కార్డులకు చేసే నష్టం తక్కువేమీ కాదు.

కార్డును ప్యానెల్‌తో కలిపేవి నాలుగు వైర్లు. ఎరుపు ప్లస్, నలుపు మైనస్. ప్యానెల్, కార్డు మాట్లాడుకునే సంకేతాలకు పసుపు క్లాక్, ఆకుపచ్చ డేటా. ఎరుపు, నలుపు తారుమారైతే కార్డు కాలిపోవచ్చు. పసుపు, ఆకుపచ్చ తారుమారైతే కార్డుకు కరెంటు అందుతుంది గానీ ప్యానెల్‌కు ఆ కార్డు ఉన్నట్టే తెలియదు. చాలామంది కార్డు చెడిపోయిందని వాపసు ఇచ్చేది ఇక్కడే. కార్డును మేడ మీద వేరే డబ్బాలో పెడితే వైరు మందం చూడాలి. 22 గేజ్ వైరు 50 మీటర్లు లాగితే, పోను రాను కలిపి దాదాపు 5.3 ఓమ్‌ల నిరోధం. దానిలో 200 మిల్లీ ఆంపియర్లు నడిస్తే ఒక వోల్టుకు పైగా దారిలోనే పోతుంది. కరెంటు ఉన్నంతసేపు ఇది బయటపడదు. కరెంటు పోయి బ్యాటరీ 11.5 వోల్టులకు దిగినప్పుడు మేడ మీదకు చేరేది 10.4 మాత్రమే. ఇంట్లో మిగిలిన నెట్‌వర్క్ కేబుల్ ఇంకా సన్నం, నష్టం ఇంకా ఎక్కువ. వేరే డబ్బాకు మూత తెరిస్తే తెలిసే టాంపర్ స్విచ్ కూడా ఉండాలి.

కార్డు మీదున్న జంపర్లు, అంటే పిన్నుల మీద తొడిగే చిన్న ముక్కలు, అది ఏ జోన్లకు పనిచేయాలో చెబుతాయి. ఎనిమిది జోన్ల బోర్డుకు మొదటి కార్డు 9 నుంచి 16, రెండోది 17 నుంచి 24. రెండు కార్డుల జంపర్లూ ఒకేలా వదిలేస్తే రెండూ ఒకే నంబర్ల మీద మాట్లాడతాయి, ప్యానెల్ అయోమయంలో పడుతుంది. కార్డుతో వచ్చే కాగితంలోని పట్టిక చూసే జంపర్లు పెట్టాలి, గుర్తున్నదాన్ని బట్టి కాదు.

ఇక రెసిస్టర్ల సంగతి. మేం ముఖ్యంగా రాయాలనుకున్నది ఇదే. పవర్‌సిరీస్‌లో ప్రతి జోన్ చివరా 5.6 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. దాని మీద పట్టీలు ఆకుపచ్చ, నీలం, ఎరుపు, చివర బంగారు రంగు. ‘చివర’ అంటే సెన్సర్ దగ్గర. పని తొందరగా తెమల్చాలని చాలామంది దాన్ని ప్యానెల్ డబ్బాలోనే, కార్డు స్క్రూ దగ్గరే పెట్టేస్తున్నారు. అప్పుడూ తలుపు తెరిస్తే అలారం మోగుతుంది, యజమానికి తేడా తెలియదు. కానీ దారిలో ఆ రెండు వైర్లనూ ఎవరైనా కలిపేస్తే, లేదా ఎలుక కొరికి అవి తగులుకుంటే, ప్యానెల్‌కు ఇంకా 5.6 కిలోఓమ్‌లే కనిపిస్తాయి. తలుపు బార్లా తెరిచి ఉన్నా మూసి ఉందనే అనుకుంటుంది. రెసిస్టర్ సెన్సర్ దగ్గరే ఉంటే, వైర్లు కలిసిన క్షణం నిరోధం సున్నాకు పడిపోయి తేడా తెలిసిపోతుంది. ఒక్కో జోన్‌కు నాలుగైదు నిమిషాల పనిని మిగుల్చుకోవడానికి ఆ జోన్‌నే గుడ్డిది చేస్తున్నారు.

విలువ కూడా ముఖ్యం. షాపులో 5.6 లేదని 4.7 ఇస్తే, అంటే పసుపు, ఊదా, ఎరుపు పట్టీలది ఇస్తే, తీసుకోకూడదు. పారడాక్స్ లాంటి కంపెనీలు 1 కిలోఓమ్ వాడతాయి. పాత ప్యానెల్ నుంచి తీసిన రెసిస్టర్లు కొత్తదానిలో వాడే ముందు ఇది గుర్తుండాలి. కార్డుకు కలిపే ముందు ప్రతి జోన్ వైర్లనూ మల్టీమీటర్‌తో కొలవాలి. తలుపు మూసి ఉంటే 5.6 కిలోఓమ్‌లు, తెరిస్తే అనంతం. జోన్‌కు రెండు 5.6 రెసిస్టర్లు పెట్టే పద్ధతిలో మూసి ఉంటే 5.6, తెరిస్తే 11.2, వైరు తెగితే అనంతం. ఈ పద్ధతిని కీప్యాడ్ మీద చేసే ప్రోగ్రామింగ్‌లో 013 సెక్షన్‌లో ఎంచుకుంటారు. అక్కడ చేసిన మార్పు కింది అంతస్తు పాత జోన్ల మీదా పడవచ్చు కనుక వాటినీ మళ్లీ చూడాలి.

ప్రోగ్రామింగ్‌లో ఎక్కువ మంది తప్పేది ఒక చోటే. 001 సెక్షన్‌లో జోన్ రకం ఇస్తారు, 9 నుంచి 16 జోన్లను 203 సెక్షన్‌లో ఆన్ చేయడం మరిచిపోతారు. కార్డు బాగుంటుంది, వైరు బాగుంటుంది, తలుపు తెరిస్తే కీప్యాడ్ మాత్రం పలకదు. రాత్రి అందరూ పడుకునే మేడ గదుల్లో మోషన్ సెన్సర్‌కు 05 రకం ఇవ్వాలి. అప్పుడే ఇంట్లో ఉండి ఆన్ చేసినప్పుడు అది పక్కకు తప్పుకుంటుంది. 04 ఇస్తే అర్ధరాత్రి మంచినీళ్లకు లేచినవాళ్లకు సైరన్ బహుమతి. కరెంటు ఇచ్చాక ఒక నిమిషం ఆగి, 903లో కొత్త కార్డు కనిపిస్తోందో లేదో చూడాలి. కనిపించకపోతే 902తో మళ్లీ వెతికించాలి.

ప్యానెల్ చెప్పినప్పుడు బయటి పరికరాలను నడిపించే అవుట్‌పుట్ కార్డుల గురించి ఒక్క మాట. పీసీ5208 అవుట్‌పుట్ ఒక్కోటి 50 మిల్లీ ఆంపియర్లే మోస్తుంది. దానికి నేరుగా సైరన్ తగిలిస్తే కాలుతుంది. 400 ఓమ్‌ల కాయిల్ ఉన్న 12 వోల్టుల రిలే 30 తీసుకుంటుంది కనుక సరిపోతుంది. కాయిల్ మీద ఒక 1ఎన్4007 డయోడ్, పట్టీ ఉన్న కొన ప్లస్ వైపు ఉండేలా వేయాలి. పొగ డిటెక్టర్‌ను మామూలు జోన్‌లా కలపకూడదు. ఒకసారి మోగాక దాన్ని మామూలు స్థితికి తేవాలంటే దాని కరెంటు క్షణం ఆగాలి, అందుకు వేరే ఏర్పాటు కావాలి.

చివరి బిల్లు ఇచ్చే ముందు యజమానులు మీ కళ్లెదుటే చేయించుకోవలసినవి ఉన్నాయి. ప్రతి కొత్త జోన్‌నూ ఒకసారి తెరిచి, ఒకసారి సెన్సర్ దగ్గర వైర్లు కలిపి చూపమనండి. రెండోదానికి ప్యానెల్ స్పందించకపోతే రెసిస్టర్ డబ్బాలోనే ఉన్నట్టు. మెయిన్ ఆపేసి ఒక గంట బ్యాటరీ మీద నడిపించి, అన్నిటికన్నా దూరంగా ఉన్న కీప్యాడ్ దగ్గర వోల్టేజ్ కొలిపించండి. కార్డు ఆకుపచ్చ వైరు ఒకసారి విప్పమనండి. కాసేపటికి కీప్యాడ్‌లో పసుపు లైటు రావాలి, స్టార్, 2, ఆపైన 1 నొక్కితే 5వ లోపం, అంటే కార్డుతో సంబంధం తెగినట్టు, చూపాలి. పెట్టినవాళ్ల ఇన్‌స్టాలర్ కోడ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే అయితే మార్పించండి. జోన్ నంబరు, గది, సెన్సర్ రకం, వైరు రంగు, రెసిస్టర్ ఎక్కడుందీ రాసిన కాగితం డబ్బా మూత లోపల అంటించమనండి. కోడ్ మాత్రం ఆ కాగితం మీద ఉండకూడదు.

ఇట్లు,
అలారం ప్యానెళ్ల సర్వీసు టెక్నీషియన్లు,
విజయవాడ