ప్రశ్న రాసేది ఎవరు, మంత్రి గారూ?

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

తిరుపతి నుంచి ఒక రిటైర్డ్ టీచరు నమస్కారాలు. మీరు తెలుగు చదవరని తెలుసు. ఢిల్లీలో మన తెలుగు ఆఫీసర్లు ఎవరో ఒకరు చదివి చెప్పకపోతారా అని రాస్తున్నాను. చెప్పకపోయినా పర్వాలేదు, ఇక్కడ చదివేవాళ్లకు కూడా పనికొచ్చే సంగతే.

రెఫరెండం గురించి, అంటే ఒక విషయం మీద జనం చేత నేరుగా ఓటేయించి తేల్చడం గురించి. ఈమధ్య ఏ పెద్ద గొడవ వచ్చినా ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతున్నారు. 2024 డిసెంబరులో జమిలి ఎన్నికల బిల్లు లోక్‌సభలో పెట్టినప్పుడు మా వాకింగ్ బ్యాచ్‌లో ఒకాయన "ఎంపీలు అరుచుకోవడం ఎందుకు సార్, దేశం మొత్తాన్నీ ఒక్కరోజు అడిగేస్తే పోలా" అన్నాడు. అంతకుముందు మూడు రాజధానుల గొడవలోనూ "దమ్ముంటే రెఫరెండం పెట్టండి" అనే సవాళ్లు విన్నాం. వినడానికి ఎంతో బాగుంటుంది, ప్రజల్ని నేరుగా అడగడం కంటే ప్రజాస్వామ్యం ఇంకేముంటుంది అనిపిస్తుంది. నేనూ అట్లాగే అనుకునేవాణ్ని, మా అపార్ట్‌మెంట్‌లో గేటు ఓటింగ్ జరిగేదాకా.

మాది తిరుచానూరు రోడ్డుకు లోపలగా ఒక సందులో 40 ఫ్లాట్ల బిల్డింగు. బైకులు పోతున్నాయి కాబట్టి సందు మొదట్లో గేటు పెట్టి రాత్రి పదికి తాళం వేయాలని కొందరికి కోరిక. (మున్సిపాలిటీ సందుకు మనం తాళం వేయొచ్చా అన్నది ఇంకో గొడవ, దాన్ని ఇప్పటికి వదిలేయండి.) అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టారు. ప్రశ్న ఇదీ: "మన పిల్లలు, ఆడవాళ్ల భద్రత కోసం గేటు కావాలా, వద్దా?" చెప్పండి, దానికి వద్దు అని నొక్కడానికి ఎంత ధైర్యం కావాలి! అయినా 11 మంది నొక్కారు. కావాలన్నవాళ్లు 12. ఆ 12 మందిలో నలుగురు బెంగళూరులో, చెన్నైలో ఉంటూ బ్రహ్మోత్సవాలకు మాత్రమే దిగే ఓనర్లు. ఏడాది పొడుగునా ఇక్కడే ఉండే అద్దెవాళ్లకు ఓటు లేదు, ఎందుకంటే గ్రూపులో ఓనర్లే ఉంటారు. సందు చివర రేకుల ఇళ్లలో ఉండేవాళ్ల సంగతి ఎవరికీ గుర్తే రాలేదు. మర్నాడు సెక్రటరీ గారు దండం బొమ్మ పెట్టి "మెజారిటీ నిర్ణయం, అందరూ సహకరించండి" అని మెసేజ్ పెట్టారు.

ఆ రేకుల ఇళ్లలో ఒక పూలావిడ ఉంది. తెల్లవారుజామున మూడున్నరకు మూట నెత్తిన పెట్టుకుని ఈ సందులోంచే మార్కెట్‌కు పోతుంది. గేటు పడిన రెండోరోజు నన్ను ఆపి అడిగింది: "ఏం సామీ, అందరూ ఓట్లేసినారంట గదా, మమ్మల్ని అడగలేదే?" నా దగ్గర జవాబు లేదు. వద్దు అని నొక్కిన 11 మందిలో నేనూ ఉన్నాను అని చెప్పబోయి, చెప్తే ఏం లాభం అని ఊరుకున్నాను.

మంత్రి గారూ, సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఎలక్షన్ డ్యూటీ తప్పించుకున్నవాణ్ని కాదు నేను. ప్రిసైడింగ్ ఆఫీసరుగా ముందురోజు రాత్రి బడి బెంచీల మీద పడుకుని, పొద్దున్నే ఏజెంట్ల ముందు 50 ఓట్ల మాక్ పోల్ చేసి, అది చెరిపేసి చూపించి, సాయంత్రం పోలైన ఓట్ల లెక్క రాసే 17-సి ఫారంలో ఒక్క అంకె తేడా వస్తే చెమటలు పట్టి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టినవాణ్ని. కాబట్టి ఓట్లు లెక్కించడంలో మన దేశం ఎంత జాగ్రత్త పడుతుందో నాకు తెలుసు. మెషీన్ దగ్గర తిరకాసు లేదు. రెఫరెండంలో తిరకాసంతా మెషీన్ బడి గుమ్మం తొక్కకముందే జరిగిపోతుంది. ఏం అడగాలి, ఎవరిని అడగాలి, ఎంతమంది అవునంటే అవును. ఈ మూడూ ముందే ఎవరో ఒకరు కూర్చుని తేల్చేస్తారు, ఆ తేల్చేవాళ్లకు సాధారణంగా ఏ జవాబు కావాలో కూడా ముందే తెలుసు.

బ్రిటన్ సంగతి చూడండి. 2016 జూన్ 23న యూరోపియన్ యూనియన్‌లో ఉందామా, వెళ్లిపోదామా అని అడిగారు. వెళ్లిపోదాం అన్నవాళ్లు 51.9 శాతం, మర్నాటి నుంచి అది "ప్రజల తీర్పు" అయిపోయింది. లెక్క వేస్తే మొత్తం ఓటర్లు సుమారు 4 కోట్ల 65 లక్షలు, వెళ్లిపోదాం అన్నది 1 కోటి 74 లక్షలు, అంటే నూటికి 37 మంది. మిగతా 63 మందీ వద్దన్నారని నేననడం లేదు, అందులో 28 మంది అసలు రానేలేదు, వాళ్ల మనసులో ఏముందో ఎవరికీ తెలియదు. పోనీ ఆ 37 మందైనా ఒకే మాట అన్నారా? వెళ్లాక సుంకాలు ఎట్లా ఉంటాయి, ఐర్లండ్ సరిహద్దులో చెక్‌పోస్టు పెడతారా, ఇవేవీ చీటీ మీద లేవు. ఒక్కొక్కరు ఒక్కో రకం వెళ్లిపోవడానికి ఓటేశారు. దాన్ని విప్పి చెప్పుకోలేక మూడున్నరేళ్లు కొట్టుకుని, ఇద్దరు ప్రధానులు దిగిపోయాక, 2020 జనవరి 31న బయటపడ్డారు. స్కాట్లండ్‌లో 62 శాతం ఉండిపోదాం అన్నారు, వాళ్లూ వెళ్లిపోయారు.

అయితే కనీసం ఇంతమంది అవునంటేనే అని గీత పెడదాం అంటారు. అదే స్కాట్లండ్‌లో 1979లో పెట్టి చూశారు. సొంత అసెంబ్లీ కావాలా అంటే 51.6 శాతం కావాలన్నారు, అయినా రాలేదు. మొత్తం ఓటర్లలో 40 శాతం అవుననాలని చట్టంలో రాశారు, వచ్చింది 32.9. అక్కడ జనం మండిపడింది ఎక్కడంటే, లిస్టులో ఇంకా పేర్లు మిగిలిపోయిన చనిపోయినవాళ్లు కూడా వద్దు అన్నట్టే లెక్క అని. ఓటరు లిస్టు గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకసారి ఒక కుర్రాడు స్లిప్పు తీసుకొచ్చి నా ముందు పెట్టి, "సార్, మా నాయన పోయి ఆరేళ్లయింది, మీ దగ్గర బతికే ఉన్నాడు" అని నవ్వాడు. నవ్వుతూనే ఆ స్లిప్పు మడిచి జేబులో పెట్టుకుని తీసుకుపోయాడు. ఆ లిస్టు మీద 40 శాతం గీత గీస్తే ఆ పెద్దాయన కూడా వద్దని ఓటేసినట్టే. ఇటలీలో ఇంకో పద్ధతి, ఉన్న చట్టాన్ని రద్దు చేయాలా అని పెట్టే రెఫరెండం సగం మంది రాకపోతే చెల్లదు. 2025 జూన్‌లో సుమారు 30 శాతమే వచ్చారు, అన్నీ కొట్టుకుపోయాయి. అక్కడ ఓడించాలంటే జనానికి నచ్చజెప్పే శ్రమ కూడా అక్కర్లేదు, ఇంట్లో పడుకోండి అంటే చాలు.

ఇక ప్రశ్న. మన దేశంలోనే 1967 జనవరి 16న గోవాలో అడిగారు: మహారాష్ట్రలో కలుస్తారా, కేంద్రపాలిత ప్రాంతంగానే ఉంటారా? సుమారు 54 శాతం కలవం అన్నారు. మంచిదే, ఆ ఓటింగ్ పద్ధతిగా జరగాలని అక్కడి ప్రభుత్వం ముందే రాజీనామా కూడా చేసింది, ఈ రోజుల్లో అట్లా ఎవరు చేస్తారు! కానీ మాకు సొంత రాష్ట్రం కావాలి అనేవాడికి ఆ చీటీలో చోటు లేదు. అది రావడానికి 1987 దాకా ఆగాల్సి వచ్చింది. 1975 ఏప్రిల్ 14న సిక్కింలో రాజరికం రద్దు, భారత్‌లో విలీనం రెండూ కలిపి ఒకే ప్రశ్న చేశారు. రాజు వద్దు గానీ ఆలోచించుకోవడానికి కొంచెం టైం ఇవ్వండి అనుకున్నవాడు ఏం చేయాలి? టైం ఎక్కడిది, అసెంబ్లీ తీర్మానం ఏప్రిల్ 10న, ఓటింగ్ నాలుగు రోజుల్లో.

నాకు అన్నిటికంటే నచ్చింది అమెరికా కింద ఉన్న ప్యూర్టో రికో దీవి. 1998లో అమెరికాతో సంబంధం ఎట్లా ఉండాలి అని అడుగుతూ నాలుగు దారులు రాసి, ఐదోది "పైవేవీ కావు" అని పెట్టారు. సగానికి పైగా జనం దానికే గుద్దారు. ఉన్న పద్ధతే ఉండాలనేవాళ్లకు చీటీలో తమ గురించి రాసిన మాటలు నచ్చలేదు, కోపమొచ్చి నోటా నొక్కారు. ఎలక్షన్ డ్యూటీ చేసినవాడిగా చెప్తున్నాను, ప్రశ్న రాసినవాడి చెంప మీద కొట్టే బటన్ అంటే అదీ.

ఎవరిని అడగాలి అన్నది మాత్రం తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా అమ్మమ్మ ఊరు తిరుత్తణి పక్కన. అది చిత్తూరు జిల్లా. 1960 ఏప్రిల్ 1 నుంచి మద్రాసు రాష్ట్రం. సరిహద్దు తగాదా తీర్చడానికి మధ్యవర్తిగా వచ్చిన పటాస్కర్ గారు ఊరు యూనిట్‌గా, భాష లెక్కగా గీత గీశారు. ఓటింగ్ ఏమీ పెట్టలేదు. పెట్టి ఉంటే? తాలూకా మొత్తాన్నీ అడిగితే ఒక జవాబు, ఊరూరా అడిగితే ఇంకో జవాబు, చిత్తూరు జిల్లా అంతా అడిగితే మరో జవాబు వచ్చేది. జనం మారలేదు, వాళ్ల మనసూ మారలేదు, గీత ఎక్కడ గీశామన్నదే మారింది. మా అమ్మమ్మ ఇంట్లో తెలుగే మాట్లాడుతూ అరవంలో రాసిన రేషన్ కార్డు పట్టుకుని క్యూలో నిలబడింది, చివరిదాకా.

2014 కూడా అంతే. అప్పటి మా చిత్తూరు జిల్లా ఆయన కిరణ్‌కుమార్ రెడ్డి గారే ముఖ్యమంత్రిగా ఉండగా జనవరి 30న అసెంబ్లీ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిప్పి పంపింది. ఫిబ్రవరిలో పార్లమెంటు పాస్ చేసింది. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం అసెంబ్లీని అడిగితే చాలు, వినక్కర్లేదు. రెఫరెండం పెట్టాల్సింది అని ఇప్పటికీ మా వైపు అనేవాళ్లున్నారు. ఎక్కడ పెడతారు? 23 జిల్లాల్లో పెడితే ఇటువైపు 4.9 కోట్లు, అటువైపు 3.5 కోట్లు, ఫలితం పెట్టకముందే తెలుసు. తెలంగాణ పది జిల్లాల్లోనే పెడితే అదీ తెలుసు. రెండూ ప్రజాతీర్పులే అవుతాయి, రెండూ ఒకదానికొకటి పూర్తిగా తిరగబడి ఉంటాయి. ఇది విడిపోవడం మంచిదా కాదా అన్న గొడవ కాదు, దయచేసి కింద ఆ గొడవ మొదలుపెట్టకండి.

ఇంతకీ మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఇది మీ శాఖలో ఒకసారి వచ్చి పోయిన ఫైలే. 1978లో జనతా ప్రభుత్వం తెచ్చిన 45వ సవరణ బిల్లులో రాజ్యాంగ మౌలిక లక్షణాలు మార్చాలంటే రెఫరెండం పెట్టాలని ఒక క్లాజు ఉంది. లోక్‌సభ ఒప్పుకుంది, రాజ్యసభ తీసేసింది. అందులో గీత ఏంటో తెలుసా? ఓటర్లలో కనీసం 51 శాతం రావాలి, వచ్చినవాళ్లలో సగానికి పైగా అవుననాలి. అంటే పార్లమెంటు పాస్ చేశాక నూటికి 26 మంది తలూపితే రాజ్యాంగం పునాది కదిలించవచ్చు. అదే మీ సభల్లో రాజ్యాంగం సవరించాలంటే 368వ అధికరణం ప్రకారం మొత్తం సభ్యుల్లో సగానికి పైగా అవుననాలి, వచ్చి ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు అవుననాలి, కొన్నిటికి సగం రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. మిమ్మల్ని మీరు అడిగేటప్పుడు ఇంత కట్టుదిట్టం, మమ్మల్ని అడిగేటప్పుడు 26.

చదువుకున్నవాళ్లకు జనమంటే భయం, అందుకే ఇన్ని మెలికలు అంటారు కొందరు. జనమంటే భయం లేదండీ. 2013లో సుప్రీంకోర్టు చెబితే ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు పెట్టి, కొండలో బాక్సైట్ తవ్వుకోనిస్తారా అని అడిగారు. జిల్లా జడ్జి హోదా ఉన్నవాళ్లు కూర్చుని చూశారు. 12 ఊళ్లూ వద్దన్నాయి. ఎవరి కొండ పోతుందో వాళ్లనే, వాళ్ల ఊళ్లోనే, మొహం చూసి అడిగారు కాబట్టి నాకు అది బాగా నచ్చింది. అక్కడ కూడా, వందకు పైగా ఊళ్లుంటే ఆ 12నే ప్రభుత్వం ఎందుకు ఎంచింది అని గొడవయింది.

కాబట్టి ఎప్పుడైనా ఆ ఫైలు మళ్లీ దుమ్ము దులిపితే నాది ఒకటే విన్నపం. జవాబు కావాల్సినవాళ్ల చేతికి ప్రశ్న రాసే కలం ఇవ్వకండి. బ్రిటన్‌లో ఇది కొంచెం నయం, ప్రభుత్వం "సభ్యదేశంగా ఉండాలా, అవునా కాదా" అని రాస్తే, అది ఒకవైపు మొగ్గుతోందని వాళ్ల ఎలక్టోరల్ కమిషన్ మార్పించి రెండు దారులూ చీటీ మీద రాయించింది. గీత ఎంతో ప్రశ్న పుట్టకముందే చట్టంలో రాసేయండి. స్విట్జర్లండ్‌లో, ఆస్ట్రేలియాలో రాజ్యాంగం మార్చాలంటే దేశం మొత్తం మీదా సగం దాటాలి, రాష్ట్రాల్లోనూ ఎక్కువ రాష్ట్రాలు అవుననాలి. మనలాంటి దేశానికి ఇది తప్పదు, లేకపోతే నాలుగు పెద్ద రాష్ట్రాలు తేల్చేస్తే మిగతావాళ్లం దండం పెట్టి సహకరించాల్సిందే. మళ్లీ అడిగే దారి కూడా ఉంచండి. స్విట్జర్లండ్‌లో ఆడవాళ్లకు ఓటు ఇద్దామా అని 1959లో మగవాళ్లనే అడిగితే మూడింట రెండొంతుల మంది వద్దన్నారు, 1971లో మళ్లీ అడిగితే ఇంచుమించు అంతేమంది సరే అన్నారు. ఎన్నికల్లో తప్పు చేస్తే ఐదేళ్లకు దిద్దుకుంటాం, రెఫరెండానికి ఆ తారీఖు ఎవరు వేస్తారు?

మా గేటు విషయంలో ఆ తారీఖు నేనే వేయించాను. సెక్రటరీ గారి వెంటపడి, అద్దెవాళ్లను, రేకుల ఇళ్లవాళ్లను కూడా కూర్చోబెట్టి వచ్చే ఆదివారం సెల్లార్‌లో చేతులెత్తే ఓటింగ్ పెట్టించాను. ప్రశ్న మీరే రాయండి మాస్టారూ అన్నారు. రాశాను: "తెల్లవారకముందే లేచి కష్టపడే పేదవాళ్ల దారి మూసే ఈ తాళం మనకు అవసరమా?" మా ఆవిడ చదివి, కాగితం నా చేతికే ఇచ్చి, కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. ఇంకా రెండు రోజులుంది, తిరగరాస్తున్నాను.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక ఓటరు