న్యాయ అవగాహన ఉపసంఘం వార్షిక నివేదిక, 2024 (డల్లాస్ పరిసర ప్రాంతం)

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మా ఉపసంఘం ఎక్కువ సమయాన్ని మనుషుల ట్రాఫికింగ్ (బలవంతంతో, మోసంతో మనుషులను దోపిడీ చేయడం), స్మగ్లింగ్ (పోలీసుల కంట పడకుండా మనుషులను తరలించడం) నేరాలపై టెక్సాస్ చట్టాలను సభ్యులకు తెలుగులో వివరించడానికే వెచ్చించింది.

2023 డిసెంబరు 18న గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకం చేసిన వాటిలో రెండు బిల్లులకు ‘సెనేట్ బిల్లు 4’ అనే ఒకే పేరు ఉండటంతో చాలామంది తికమకపడ్డారు. పత్రికలకెక్కి, కోర్టుల్లో చిక్కుకున్నది అక్రమ ప్రవేశానికి సంబంధించినది. స్మగ్లింగ్ శిక్షలను పెంచిన రెండవది మాత్రం 2024 ఫిబ్రవరి 6 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఈ నేరానికి సాధారణంగా కనీసం పదేళ్ల జైలు, తీసుకెళ్లినది దగ్గరి బంధువునైతే కనీసం ఐదేళ్లు. పోలీసుల కంట పడకుండా దాచే ఉద్దేశంతో ఒకరిని కారులో ఎక్కించుకున్నవారు, తాము డబ్బు తీసుకోలేదని చెప్పినా 2021 సవరణ తరువాత తప్పించుకోలేరు.

ట్రాఫికింగ్‌కు సరిహద్దు దాటించడమే అక్కర్లేదు. వీసాతో సక్రమంగా వచ్చినవారు కూడా బాధితులు కావచ్చు. మనవారికి ఎక్కువగా తెలియవలసినది ఇదేనని మా అభిప్రాయం. వాషింగ్టన్ రాష్ట్రంతో పాటు 2003లోనే ట్రాఫికింగ్‌ను రాష్ట్రస్థాయి నేరంగా ప్రకటించిన టెక్సాస్, బలప్రయోగం, మోసం, బెదిరింపులతో చేయించుకునే చాకిరీని ఈ చట్టం కిందికి తెచ్చింది; గుర్తింపు పత్రాలను లాక్కోవడం, దాచిపెట్టడం, అలా చేస్తామని భయపెట్టడం కూడా అందులో బెదిరింపే. మా అవగాహన సదస్సులో ఒక విద్యార్థి, తన పాస్‌పోర్టును యజమాని ‘భద్రత కోసం’ సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాడని, అడిగితే జీతం లెక్క తేలాక ఇస్తానన్నాడని చెప్పాడు. అతడిని ఇమ్మిగ్రేషన్ న్యాయవాది దగ్గరకు పంపాము. ఫిర్యాదు చేస్తే తననే వెనక్కి పంపేస్తారన్న అతడి భయం చాలామందిలో ఉంది. దర్యాప్తుకు సహకరించే బాధితులకు ఫెడరల్ ప్రభుత్వం ఏటా 5,000 వరకు ఇచ్చే, ఈ దేశంలోనే ఉండనిచ్చే టీ వీసా సంగతి సదస్సుకు వచ్చినవారిలో ఎక్కువమందికి తెలియదు.

ఈ వివరాలతో, జాతీయ హాట్‌లైన్ 1-888-373-7888తో ఒక కరపత్రం వేయించాము. ఆలయంలో వెంటనే అనుమతి దొరికింది. ఒక కిరాణా దుకాణం వారు మాత్రం కౌంటర్ మీద పెడితే గిరాకీ బెదురుతుందని ఒప్పుకోలేదు. కరపత్రాలు దాదాపు అయిపోయాయి కనుక, మళ్లీ ముద్రించడానికి అయ్యే ఖర్చును వచ్చే ఏడాది బడ్జెట్‌లో చేర్చవలసిందిగా సర్వసభ్య సమావేశాన్ని కోరుతున్నాము.