వేసవి సెలవుల్లో డ్రోన్ కొనిస్తున్నారా? ముందు బ్యాటరీ సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

పరీక్షలు అయిపోగానే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ పిల్లలకు డ్రోన్ పిచ్చి పడుతోంది. పెళ్లి షూటింగు డ్రోన్, వరి పొలాల్లో మందు కొట్టే డ్రోన్ అందరికీ తెలిసినవే. వీళ్లను పట్టుకున్నది ఎఫ్‌పీవీ, అంటే డ్రోన్ మీది కెమెరా చూపేది గాగుల్స్‌లో చూస్తూ నడిపేది. విడిభాగాలు తెచ్చి సొంతంగా కట్టుకుని, కళ్లకు గాగుల్స్ పెట్టుకుని గాల్లో పల్టీలు కొట్టించే రకం. రుచి మరిగితే వదలదు. తప్పు పట్టాల్సిన సరదా కూడా కాదు. కాకపోతే చాలామంది చివర కొనాల్సింది ముందు కొని, వారం తిరక్కుండానే దాన్ని అటక మీదికి ఎక్కిస్తున్నారు.

ముందు కొనాల్సింది రిమోట్. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపితే సిమ్యులేటర్‌లో, అంటే తెర మీద ఉత్తుత్తి డ్రోన్ నడిపే ఆటలో, నేర్చుకోవచ్చు. ఆక్రో మోడ్‌లో, అంటే డ్రోన్ తనంతట తాను నిలబడని పద్ధతిలో, పదిహేను ఇరవై గంటలు సాధన చేస్తే గానీ వేళ్లు మాట వినవు. అక్కడ వంద సార్లు పడ్డా ఖర్చు లేదు. తర్వాత అరచేతిలో పట్టే 65 మిల్లీమీటర్ల బుల్లి డ్రోన్, దాన్నే వూప్ అంటారు. ముప్పై గ్రాములకు అటూఇటుగా ఉంటుంది, వసారాలోనే తిప్పుకోవచ్చు. అయిదంగుళాల పంకాల డ్రోన్ వంతు ఆ తర్వాతే. దాని పంకా వేలిని కోసేస్తుంది. బల్ల మీద బ్యాటరీ తగిలించే ముందు నాలుగు పంకాలూ ఊడదీయాలన్న నియమానికి మినహాయింపు లేదు.

కట్టేటప్పుడు కొంప ముంచేది మోటారు స్క్రూ. మోటారును మోసే ఆర్మ్ (డ్రోన్ చట్రం చెయ్యి) మందం 5 మిల్లీమీటర్లయితే 8 మిల్లీమీటర్ల ఎం3 స్క్రూ సరిపోతుంది, మోటారులోకి మూడు మిల్లీమీటర్లు దిగుతుంది. పెట్టెలో దొరికింది కదా అని 10 మిల్లీమీటర్లది బిగిస్తే కొస వెళ్లి రాగి చుట్టను గీరుతుంది. బిగించినప్పుడు ఏమీ తెలియదు. రెండు మూడు సార్లు ఎగిరాక మోటారుతో పాటు దాని వేగాన్ని నడిపే ఈఎస్‌సీ బోర్డు కూడా కాలిపోతుంది. బ్యాటరీ తీగలు అతికే చోట 35 వోల్టుల, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి. అది లేకపోతే వీడియోలో గీతలొస్తాయి, ఒక్కోసారి బోర్డే పోతుంది. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు బైకు ఇండికేటర్ 12 వోల్టుల 21 వాట్ల బల్బును సీరీస్‌లో, అంటే బ్యాటరీ నుంచి డ్రోన్‌కు వెళ్లే ఒక తీగ మధ్యలో, పెట్టండి. బల్బు ఒక్కసారి మెరిసి తగ్గితే అది కెపాసిటర్ నిండిన మెరుపే. కాంతి తగ్గకుండా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, వెంటనే పీకేయాలి. వీడియో ట్రాన్స్‌మిటర్‌కు యాంటెన్నా పెట్టకుండా మాత్రం కరెంటు ఇవ్వకండి. లేచీ లేవగానే తిరగబడితే పంకా తలకిందులుగా ఎక్కించారనో, మోటారు వెనక్కి తిరుగుతోందనో అర్థం.

ఇక బ్యాటరీ. మన ఎండలకు అసలు పరీక్ష ఇక్కడే. నాలుగు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ నిండితే 16.8 వోల్టులు. ఒక్కో సెల్ 3.5 వోల్టులకు రాగానే దించేయాలి. 1500 ఎంఏహెచ్ బ్యాటరీ అయితే నాలుగైదు నిమిషాల ఆట, అంతే. ఇంకొక్క రౌండ్ అని 3.3 కిందికి లాగితే సెల్ ఉబ్బే ప్రమాదం ఉంది. ఉబ్బింది మళ్లీ మామూలు కాదు, దాన్ని వాడకూడదు. దించాక బ్యాటరీ వేడిగా ఉంటుంది, నీడలో అరగంట చల్లారనిచ్చి చార్జింగ్ పెట్టాలి, అదీ 1.5 ఆంపియర్లకు మించకుండా. బండి డిక్కీలో, రేకుల గదిలో పెట్టి మరిచిపోవద్దు. గాలి ఎక్కువైందని ఎగరేయకుండా ఇంటికి తెచ్చిన నిండు బ్యాటరీని అలాగే వారం ఉంచడం కూడా తప్పే. చార్జర్‌లో స్టోరేజ్ మోడ్ పెట్టి సెల్‌కు 3.8 వోల్టులకు దించాలి. చార్జింగ్ మట్టి కుండలోనో సిమెంటు గచ్చు మీదో పెట్టండి. పక్కన బకెట్టు ఇసుక ఉండాలి, మనిషీ ఉండాలి. రాత్రి చార్జింగ్ పెట్టి పడుకునే అలవాటు ఈ బ్యాటరీలకు పనికిరాదు.

42 డిగ్రీల మధ్యాహ్నం గాలి 25 డిగ్రీలప్పటి కంటే అయిదారు శాతం పలుచబడుతుంది. అదే ఎత్తులో నిలవడానికి పంకాలు ఇంకా గట్టిగా తిరగాలి, బ్యాటరీ ఇంకా కాగుతుంది. పైగా చెల్కల్లో సుడిగాలులు. అందుకే పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకానే ఎగరేయాలి. గాగుల్స్‌లో బోరు మోటార్ల కరెంటు తీగలు అసలు కనబడవు, స్తంభాలు చూసి తీగ ఎటు పోతుందో ముందే నడిచి గుర్తుపెట్టుకోవాలి. వాగు ఇసుకలో దించితే నల్ల ఇసుక మోటారు అయస్కాంతాలకు పట్టుకుంటుంది, గోనెసంచి పరిచి దించండి. ఎదిగిన పత్తి చేనులో పడితే కూత పెట్టే బజర్ లేని డ్రోన్ దొరకడం కష్టం, రైతు తిట్లు అదనం.

నిబంధనలు చాలామంది అనుకున్నంత కఠినంగా లేవు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపుది నానో, అక్కణ్నుంచి 2 కిలోల దాకా మైక్రో. అయిదంగుళాలది బ్యాటరీతో కలిపి మైక్రోలోకే వస్తుంది. సరదా కోసమైతే వీటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతమాత్రాన రిజిస్ట్రేషన్ వద్దని కాదు. గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో, 400 అడుగుల వరకే. జోన్ ఏదో కేంద్ర ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోవాలి. ఉల్లంఘిస్తే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది. గాగుల్స్ పెట్టుకున్నవాడి పక్కన డ్రోన్‌ను మామూలు కళ్లతో చూస్తూ ఉండే తోడు ఒకరు ఉండాలి. సాగర్ డ్యాం, జూరాల, దామరచర్ల విద్యుత్ కేంద్రం, అమ్రాబాద్ పులుల అడవి వైపు సరదాకు కూడా పోవద్దు.

అధికారులకు ఒక మనవి. ఐటీఐ, పాలిటెక్నిక్ మైదానాలు ఆదివారం పొద్దున ఖాళీగానే ఉంటాయి. ఆ రెండున్నర గంటలు వీళ్లకిచ్చి, వర్క్‌షాపులో సోల్డరింగ్ బల్లలు నాలుగు తెరిపిస్తే చాలు. ఇప్పుడు జాగ లేక బస్టాండ్ల మీద, జాతరల మీద ఎగరేస్తున్నారు.

– ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా