ఖాళీ గదికి ఏసీ ఎందుకు?

సంపాదకులకు,

గత వారం ధ్రువపత్రం కోసం నగరంలోని ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాను. అధికారి గదిలో ఎవరూ లేరు. ఏసీ మాత్రం 18 డిగ్రీల మీద నడుస్తోంది, పైగా కిటికీ రెక్క ఒకటి తెరిచే ఉంది. బయట వరండాలో పింఛను కోసం వచ్చిన వృద్ధులు ఫ్యాను కూడా లేక దరఖాస్తులతోనే విసురుకుంటున్నారు. చూస్తే మనసు చివుక్కుమంది.

ఏసీని ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. 24 డిగ్రీలకు మార్చడానికి నిధులు అక్కర్లేదు, రిమోట్ చాలు.

బెజవాడ ఎండలకు శ్లాబు పగలంతా కాగి గదులను కొలిమి చేస్తుంది. మేడపైన తెల్లని కూల్ పెయింట్ వేస్తే ఆ వేడి బాగా తగ్గుతుంది. ఆఫీసులు నడిచేది పగలే కాబట్టి సౌర విద్యుత్తును అక్కడికక్కడే వాడుకోవచ్చు. ‘పీఎం సూర్యఘర్’ పథకం కింద మా ఇళ్లపై సౌర పలకలు పెట్టుకోమని రాయితీ ఇస్తున్న ప్రభుత్వం తన మేడలను ఖాళీగా ఉంచితే న్యాయం కాదు.

ప్రతి కార్యాలయం నెలనెలా కరెంటు బిల్లును నోటీసు బోర్డులో పెట్టేలా కలెక్టర్ గారు ఆదేశించాలి. ఆ బిల్లు కట్టేది మా పన్నులతోనే.

– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ