టీచర్ల కంప్యూటర్ శిక్షణ: మీరిచ్చిన 1,30,112 రూపాయల లెక్క

అందరికీ నమస్కారం. లెక్క ఎప్పుడు పెడతారని రెండు నెలలుగా అడుగుతున్నారు, ఆలస్యం మాదే. ఒక బిల్లు కోసం ఆగాం, అది ఇక రాదని తేలిపోయింది, దాని సంగతి కింద చెప్తాం.

ముందు జమ. ఊళ్లోనూ, హైదరాబాద్, బెంగళూరుల్లోనూ ఉన్న మన బడి పాత విద్యార్థులు 83 మంది కలిసి 58,500 ఇచ్చారు. అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న ముగ్గురు ఇక్కడి తమ బ్యాంకు ఖాతాల నుంచి 45,000 పంపారు. బజారు కొట్లవాళ్ళ చందా 14,200. మేం అడక్కపోయినా 24 మంది టీచర్లు తలా 500 వేసుకున్నారు, అది 12,000. బ్యాంకు వడ్డీ 412.

ఇక ఖర్చు. ఎక్కువమంది అడిగింది భోజనాల గురించే కాబట్టి దాంతోనే మొదలుపెడతాం. 5 బడుల నుంచి 28 మంది టీచర్లు, సెలవు రోజులు చూసుకుని 8 రోజులు వచ్చారు. భోజనం, రెండు పూటలా టీ కలిపి మనిషికి రోజుకు 90 చొప్పున 20,160 అయింది. బస్సు, షేర్ ఆటో చార్జీలు 11,340. "ఈ డబ్బుతో ఇంకో రెండు కంప్యూటర్లు కొంటే పిల్లలకు మిగిలేవి కదా" అని ఒకరు గట్టిగానే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం 2019 నవంబర్ 14న మొదలైంది మన ఒంగోలులోనే, ఆ పథకంలోనే తర్వాత హైస్కూలు గదుల్లోకి పెద్ద టచ్ ప్యానెళ్లు వచ్చాయి, మేం వెళ్లిన ఒక బడిలో ఆ ప్యానెల్ మీద పాత చీర కప్పి ఉంది. ఎందుకండీ అంటే "పాడైతే నా మీదికి వస్తుందేమోనని" అన్నారు టీచరు గారు. ఆ చీర తీయించడానికి కొత్త మెషిన్ ఎందుకు పనికొస్తుంది?

నేర్పడానికి వచ్చిన ఇద్దరికి రోజుకు 1,500 చొప్పున 24,000. మొదటి రోజంతా మౌస్ పట్టుకోవడంతోనే సరిపోయింది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మూడో రోజు ఒక లెక్కల మాస్టారు, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నాయన, లెక్కల బొమ్మలు గీసే జియోజీబ్రా అనే ప్రోగ్రాంలో త్రిభుజం గీసి ఒక మూల పట్టుకుని లాగుతూ కూర్చున్నారు. కోణాలు మారుతున్నాయి, మొత్తం మాత్రం 180 దగ్గరే నిలబడుతోంది. టీ చల్లారిపోయినా లేవలేదు. తెలుగు టీచర్లకు ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ పద్ధతి నేర్పాం: అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి, డి మీట నొక్కితే పొల్లు. పాత ఫాంట్లలో చేసిన ప్రశ్నపత్రం వాట్సాప్‌లో పంపితే అవతల పిచ్చిగీతలు కనపడే బాధ, ఎక్కడైనా తెలుగు తెలుగులాగే కనపడే యూనికోడ్‌తో తీరింది. పాఠాలు ఫోన్లో చూపించే ప్రభుత్వ యాప్ దీక్ష 2017లోనే వచ్చినా, పుస్తకంలోని క్యూఆర్ కోడ్ ఎప్పుడూ స్కాన్ చేయని వాళ్ళు సగం మంది పైనే. ఇంటర్నెట్ లేని రెండు బడుల కోసం ఒక ల్యాప్‌టాప్‌లో, నెట్ లేకపోయినా పాఠాలు చూపించే కోలిబ్రి అనే ప్రోగ్రాం వేసి, దాన్నుంచి మిగతా వాటికి వైఫైలో పాఠాలు అందేట్టు చేశాం. ఇళ్లకు తీసుకెళ్లడానికి పెన్‌డ్రైవులు 28, ఒక్కొక్కటి 320, మొత్తం 8,960. నోట్సు ప్రింటింగ్ 3,600. ఎక్స్‌టెన్షన్ బోర్డులు, వైర్లు 1,450.

రిపేర్లకు 9,870. మా దృష్టిలో అన్నిటికంటే బాగా ఖర్చయిన డబ్బు ఇదే. మూలన పడేసిన 10 కంప్యూటర్లలో 7 లేచాయి. వాటిలో మూడింటికి జబ్బల్లా రూపాయి బిళ్ళంత బ్యాటరీ, అది అయిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, తేదీ తప్పయితే వెబ్‌సైట్లు తెరుచుకోవు, ఇంటర్నెట్ పనిచేయడం లేదని ఎవరో రాసిపెట్టి గదికి తాళం వేసేశారు.

ఇప్పుడు మా తప్పు. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు 4, ఒక్కొక్కటి 11,500, మొత్తం 46,000. కొట్టువాడి మాట నమ్మి డబ్బంతా ముందే ఇచ్చేశాం, వారంటీ కాగితం మీద రాయించుకోలేదు. ఒకదాని స్క్రీన్ రెండో వారంలోనే పోయింది. రేపు రండి, ఎల్లుండి రండి అని తిప్పి చివరికి ఫోన్ ఎత్తడం మానేశాడు, బిల్లు కూడా ఇవ్వలేదు. కాబట్టి ఆ 46,000కి మా దగ్గరున్నది బ్యాంకు ట్రాన్స్‌ఫర్ రుజువు మాత్రమే. స్క్రీన్ పోయినదాన్ని పాత మానిటర్‌కు తగిలించి వాడుతున్నారు, కోలిబ్రి నడుస్తున్నది అందులోనే. కొత్త స్క్రీన్ ఖర్చు కమిటీలో ఉన్న ఐదుగురం సొంతంగా పెట్టుకుంటున్నాం, చందాల్లోంచి తీయం.

రసీదు లేని చిల్లర ఖర్చు ఇంకో 640 ఉంది, ఆటోలో సామాన్లు దించిన కూలి, తాళంకప్ప, అలాంటివి. మొత్తం ఖర్చు 1,26,020. మిగిలింది 4,092, ఖాతాలోనే ఉంది. జూన్‌లో బడులు తెరవగానే ఒక రోజు మళ్ళీ కూర్చుందామని టీచర్లే అడిగారు, అప్పటి భోజనాలకు వాడతాం. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఈ నెలాఖరులోపు చెప్పండి. బిల్లుల ఫైలు, బ్యాంకు స్టేట్‌మెంట్ హెడ్మాస్టరు గారి గదిలో పెట్టాం, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, కాకపోతే బడి టైములో రండి.