రెండు గంటలని రాసి నాలుగు గంటలు ఆడించాను

అందరికీ నమస్తే. మన హన్మకొండ షాపులో 'మత్తడి' (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటు) అనే ఆట పుస్తకం కొన్నవాళ్లకూ, ఆదివారాలు టేబుల్ బుక్ చేసుకుని దాన్ని ఆడినవాళ్లకూ ఇది రాస్తున్నాను. మన షాపు తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి రోల్‌ప్లేయింగ్ ఆటల కోసం మేం తెలుగులో చిన్న సాహసాలు రాసి అచ్చు వేస్తాం. ఒకరు కథ నడిపిస్తారు, వాళ్లను డీఎం అంటాం. మిగతా నలుగురైదుగురు తలా ఒక పాత్ర తీసుకుని ఏం చేస్తారో చెబుతారు. అవుతుందో కాదో తెలియని చోట ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

'మత్తడి' అట్ట మీద '2 గంటల్లో పూర్తయ్యే సాహసం' అని వేశాను. అది తప్పు. మీలో చాలామందికి మూడున్నర గంటలు పట్టింది, కొందరికి నాలుగు దాటింది. అందుకే దాన్ని మళ్లీ రాశాను.

నాకు ఇది గట్టిగా తగిలింది పోయిన నెలలో ఒక ఆదివారం. కాజీపేట నుంచి ఐదుగురు వచ్చారు. వాళ్లలో ముగ్గురు హైదరాబాద్‌లో పనిచేస్తూ శని, ఆదివారాలకు ఇంటికి వచ్చేవాళ్లు, సాయంత్రం రైలు ఎక్కాలి. అట్ట మీద నేను వేసిన మాట నమ్మి మూడు గంటలకు కూర్చున్నారు. ఐదున్నర దాటేసరికి వాళ్ల పాత్రలు ఇంకా చెరువు కట్ట మీద, తూము ముందు నిలబడి ఉన్నాయి. లేవక తప్పలేదు. బ్యాగు భుజానికి వేసుకుంటూ ఒకతను, "అక్కా, కట్ట తెగిందా లేదా, గదొక్కటన్న చెప్పుండ్రి" అన్నాడు. చెప్పలేకపోయాను. అది నేను చెప్పేది కాదు, వాళ్లు ఆడి తేల్చుకోవాల్సింది. పైగా మన దగ్గర టేబుల్ కిరాయి గంట లెక్కన ఉంది. అంటే నా తప్పుకు మీరు పైసలు కూడా కట్టారు.

ఎందుకిలా అయిందో కూర్చుని లెక్క చూసుకున్నాను. అచ్చుకు ముందు 'మత్తడి'ని ఆడి చూసింది నా సొంత జట్టు ఒక్కటే. మేం ఆరేళ్లుగా కలిసి ఆడుతున్నాం, రూల్స్ చూసుకోనక్కర్లేదు, ఎవరి వంతు ఎప్పుడో అడగనక్కర్లేదు. మాకు రెండు గంటలే పట్టింది. ఎన్ఐటీ పిల్లలకూ, మొదటిసారి ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చున్న వాళ్లకూ అలా ఎలా పడుతుంది? పాత్రలు తయారుచేసుకోవడానికే నలభై నిమిషాలు పోయేవి. ఆ టైం నేను అసలు లెక్కలోనే వేసుకోలేదు.

ఇక పోరాటాల సంగతి. ఐదుగురు ఆడుతుంటే ఒక్కొక్కరి వంతుకు రెండు నిమిషాలు వేసుకోండి, పది అయింది. డీఎం శత్రువులను కదిలించడానికి ఇంకో నాలుగైదు. అంటే ఒక్క రౌండుకు పావుగంట. నాలుగు రౌండ్లు సాగితే గంట. 'మత్తడి'లో నేను మూడు పోరాటాలు పెట్టాను. ఇంత చిన్న లెక్క అచ్చుకు పంపే ముందు వేయలేదు.

నిడివి తగ్గించాలంటే ఉన్నదాన్ని అన్ని వైపులా కాస్త కాస్త కత్తిరిస్తే చాలనుకున్నాను మొదట. అలా చేసి ఒక ఆదివారం ఆడించాను కూడా. టైం తగ్గింది, కానీ ఎవరికీ ఏమీ గుర్తులేదు. అన్నీ సగం సగం తిన్నట్టు ఉంది. అప్పుడు అర్థమైంది, తీసేయాల్సింది మొదలును. పాత పుస్తకంలో పాత్రలు ఒక సత్రంలో కలుస్తాయి, ఊరి పెద్ద వచ్చి పని అప్పగిస్తాడు, కూలి బేరం జరుగుతుంది, దారిలో తోడేళ్లు. తూము కనిపించేసరికి గంటన్నర. కొత్త 'మత్తడి' ఇలా మొదలవుతుంది: "మోకాళ్ల దాకా నీళ్లు. తూము తలుపు ఇరుక్కుంది. మత్తడి మీద నుంచి పొర్లే నీళ్లలో ఏదో పెద్దది కదిలింది. తూము చూసుకునే నీరటి తాత మీ చేతికి గడ్డపార ఇచ్చి, 'తెల్లారేదాకా ఆగదు బిడ్డా ఇది' అంటున్నాడు. ఏం చేస్తారు?" అంతే. వాళ్లెవరో, ఎందుకొచ్చారో ఆడుతుంటే తెలుస్తుంది.

ఈ కథ నాకు ఎంత ఇష్టమో చెప్పకుండా ఉండలేను. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నుంచీ మన పొలాలకు నీళ్లిస్తున్నాయి. గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు మత్తడి పోస్తే ఆ నీళ్లు కిందిచెరువుకు చేరతాయి. పై కట్ట తెగితే కింది ఊళ్లన్నీ ఆగమే. ఇంతకంటే పెద్ద రాక్షసుణ్ని నేను కల్పించలేను. తూము ఎత్తితే ఎవరి పొలం మునుగుతుంది, ఎత్తకపోతే ఏ ఊరు పోతుంది అన్నదే ఆటలో అసలు పీటముడి. తోడేళ్ల పోరాటం పోయినందుకు ఎవరూ బాధపడరని నమ్ముతున్నాను.

కొత్త పుస్తకంలో పోరాటం ఒక్కటే. నీళ్లలో ఉన్నదాని హిట్ పాయింట్లు, అంటే ఎన్ని దెబ్బలు ఓర్చుకుంటుందో చెప్పే అంకె, సగానికి తగ్గించాను, దాని దెబ్బ బలం పెంచాను. భయం పోదు, మూడు రౌండ్లలో తేలిపోతుంది. ఎవరి వంతు ముందో తేల్చే ఇనిషియేటివ్ కోసం ఒక్కొక్కరూ పాచిక వేయక్కర్లేదు, ఒక వైపు వాళ్లంతా ఒకసారి, అటువైపు ఒకసారి. మూడో లెవెల్‌లో ఆరు పాత్రలు తయారుగా ఇస్తున్నాను. ఒక్కోటి కాగితానికి ఒక వైపే, అడుగున ఒక ప్రశ్న ఉంటుంది: "ఈ కట్ట కట్టినప్పుడు మీ ఇంట్లో ఎవరు పనిచేశారు?" లాంటిది. పది నిమిషాల్లో ఆట షురూ.

డీఎంలు చదివి వినిపించే వర్ణనల గురించి కూడా మీలో ఇద్దరు మొహమాటపడుతూ చెప్పారు. వాటిని పుస్తక భాషలో పేరాలకు పేరాలు రాశాను. చదువుతుంటే మూడు నిమిషాలు గడిచేవి, పిల్లలు ఫోన్లు తీసేవారు. ఇప్పుడు ఏ వర్ణనా మూడు వాక్యాలు దాటదు, అవీ మనం మాట్లాడుకునే మాటల్లోనే.

టైం కోసం ఒక పట్టీ పెట్టాను, ఆరు గడులు. గడియారం చూసి ఇరవై నిమిషాలకొకసారి డీఎం ఒక గడిలో రంగు నింపాలి, అదే చెరువులో నీటి మట్టం. టేబుల్ మీద అందరికీ కనిపించేలా పెట్టండి. మూడో గడి నిండేసరికి మీరింకా రెండో సన్నివేశానికి చేరకపోతే దాన్ని వదిలేసి మూడోదానికి వెళ్లిపోవాలని పక్కనే రాసి ఉంటుంది. డీఎంకు ఏది వదలాలో ముందే చెప్పాలన్నది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. వదిలేయడానికి పనికొచ్చే సన్నివేశం, వదలకూడని సన్నివేశం ఏవో రాసినవాళ్లకే తెలుస్తాయి, టేబుల్ దగ్గర చెమటలు కక్కుతున్న డీఎంకు కాదు.

ఇవన్నీ నేను కనిపెట్టినవి కావు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను అచ్చు వేసింది 1974లో. ఆ దశకంలోనే అమెరికాలో ఆటల సభల్లో పోటీలు పెట్టి, ఇన్ని గంటల్లో ముగించాలని గడువు విధించి ఆడించేవారు. కెనడాలో ఉండే జాన్ ఫోర్ చిన్న సాహసాలకు ఐదు గదుల పద్ధతి చెప్పాడు. గుమ్మం దగ్గర అడ్డంకి, తర్వాత ఒక చిక్కుముడి, అనుకోని దెబ్బ, పెద్ద పోరాటం, చివరికి ఫలితమో కొత్త నిజమో. గదులంటే గదులే కానక్కర్లేదు, చెరువు కట్ట మీద ఐదు చోట్లయినా సరే.

ఐదు అనగానే నాకు చెర్యాల పటాలు గుర్తొచ్చాయి. పొడవాటి పటాన్ని కొంచెం కొంచెం విప్పుతూ, ఒక్కో బొమ్మ చూపిస్తూ కథ చెప్పేవారు కదా. అందుకే కొత్త 'మత్తడి' పిన్ను కొట్టిన 16 పేజీల పుస్తకంలా ఉండదు. ఐదు మడతల పట్టీ. డీఎం ఒక్కో మడత విప్పుతూ పోతాడు. ఆ సన్నివేశానికి కావలసిన మ్యాపు, శత్రువు అంకెలు, మాటలు అన్నీ ఆ మడతలోనే. పాత పుస్తకంలో మ్యాపు 9వ పేజీలో, దాని వివరం 3వ పేజీలో ఉండి మిమ్మల్ని ముందుకీ వెనక్కీ తిప్పింది. ఆ బాధ ఇక ఉండదు.

మడత పెట్టే పనికి ప్రెస్సులో ఖర్చు ఎక్కువ. ధర 120 రూపాయల నుంచి 150కి పెరుగుతుంది. పాత 'మత్తడి' మీ దగ్గరుంటే మాత్రం ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. షాపుకు తెస్తే కొత్తది ఇస్తాను, పాతది కూడా మీ దగ్గరే ఉంచుకోండి. పోస్టులో తెప్పించుకున్నవాళ్లు పుస్తకం ఫొటో వాట్సాప్‌లో పంపితే చాలు, పోస్టు ఖర్చు నాదే. 'మత్తడి' కోసం రెండు గంటలు దాటి టేబుల్ కిరాయి కట్టినవాళ్ల పేర్లు నా రిజిస్టర్‌లో ఉన్నాయి, ఆ పైసలు వాపసు చేస్తున్నాను. ఇకమీద మన పుస్తకం మన టేబుల్ మీద ఆడుతూ రెండున్నర గంటలు దాటితే పై టైంకు కిరాయి లేదు.

దసరాకు ఇస్తానన్న రెండో సాహసం సంక్రాంతికి వస్తుంది. దీనికీ కారణం చెప్పాలి. అది పాలంపేట రామప్ప గుడిని మనసులో పెట్టుకుని రాసింది. గుడిని నేరుగా కథలో పెట్టలేదు, గుళ్లో కత్తులు దూయించడం నాకు ఇష్టం లేదు. కథలో ఉన్నది శిల్పుల పాడుబడ్డ పనిశాల. 1213 నాటి ఆ గుడి గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నీళ్లు నిండిన నేలమాళిగ దాటడానికి ఆ ఇటుకలే దారి, చిక్కుముడి అదే. మూడు టేబుళ్ల మీద ఆడించాను. మనవాళ్లు నిమిషంలో విప్పేశారు. బయటి ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న రెండు జట్లు అరగంట తన్నుకులాడి విసుగెత్తిపోయాయి. తెలిసినవాళ్లకు ఆట లేదు, తెలియనివాళ్లకు దారి లేదు. ఇప్పుడు నీళ్ల గట్టున ఒక పగిలిన ఇటుకను పెట్టాను, ఎవరి కాలు తగిలినా అది జారి నీళ్లలో పడి తేలుతుంది. తెలిసినవాళ్లకు కష్టం వేరే చోట ఉంది, ఒక్కో ఇటుక ఎంత బరువు ఆపుతుందో పాచిక తేల్చాలి. ఇది ఇంకో మూడు కొత్త జట్లతో ఆడి చూసేదాకా అచ్చుకు ఇవ్వను.

ఆ మూడు జట్ల కోసమే అడుగుతున్నాను. ఈ ఆట ఇంతకుముందు ఆడనివాళ్లు, కచ్చితంగా రెండు గంటలే టైం ఉన్నవాళ్లు కావాలి. చిన్న పిల్లల తల్లిదండ్రులు, షిఫ్టు డ్యూటీల వాళ్లు, బస్సు టైం చూసుకుని కూర్చునేవాళ్లు. కిరాయి ఉండదు. నేను పక్కన కూర్చుని ఏ సన్నివేశానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకుంటాను, ఆటలో నోరు పెట్టను.

రూల్స్ గురించి అడిగినవాళ్లకు: 2023 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ ఆ ఆట ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం ఎస్ఆర్‌డీ 5.1ను క్రియేటివ్ కామన్స్ అనే ఉమ్మడి లైసెన్సు కింద విడుదల చేసింది. వాళ్ల పేరు చెప్పి వాడుకుని అమ్ముకోవచ్చు, పట్టీ చివరి మడత మీద ఆ మాట ఉంటుంది. రెండో శనివారం రాత్రి నడిచే పెద్ద క్యాంపెయిన్ (ఒకే కథ వాయిదాల మీద సాగే ఆట) ఎప్పటిలాగే ఉంటుంది.

కాజీపేట జట్టుకు ఫోన్ చేశాను. వచ్చే నెల ఒక ఆదివారం ఐదుగురూ మళ్లీ వస్తామన్నారు. వాళ్ల క్యారెక్టర్ షీట్లు, ఆ రోజు మిగిలిన హిట్ పాయింట్లు అలాగే, కౌంటర్ కింద డబ్బాలో దాచి ఉంచాను. ఆగిన చోటి నుంచే మొదలుపెడతాం, తూము ముందు.